సోమవారం మీమ్ వెనక 300 ఏళ్ళ కథ

ఈ ఎపిసోడ్‌ని కావాలనే ఆదివారం రాత్రి తొమ్మిదింటికి పెడుతున్నాను. సరిగ్గా ఈ టైమ్‌కే మన ఫోన్లలో ఒక మీమ్ తిరగడం మొదలవుతుంది. బ్రహ్మానందం గారి మొహం, ఆ కళ్ళలో బేలతనం, పైన "రేపు సోమవారం అని గుర్తొచ్చినప్పుడు" అని ఒక లైను. నవ్వుతాం, ముగ్గురికి ఫార్వర్డ్ చేస్తాం, అలారం పెట్టుకుని పడుకుంటాం. సినిమాల్లోకి రాకముందు ఆయన అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేశారు. ఉద్యోగం వదిలేసి వచ్చిన మనిషి మొహమే మన ఉద్యోగ బాధలన్నిటికీ బొమ్మ అయింది చూడండి!

ఈ రోజు ఆ మీమ్‌ని పట్టుకుని వెనక్కి వెళ్దాం. లండన్, బెర్లిన్, అమెరికా ఆఫీసుల్లో జిరాక్స్ మెషిన్, చైనా ప్రోగ్రామర్లు, అక్కడ్నుంచి మన హైదరాబాద్. దారిలో కొంతమంది థియరీ పెద్దమనుషులు కలుస్తారు. భయపడకండి, చివర్లో ఎగ్జామ్ లేదు.

ముందు నాది ఒక చిన్న కథ. నేను నాలుగేళ్ళు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేశాను. మా టీమ్‌కి మేనేజర్ లేని వాట్సాప్ గ్రూపు ఒకటి ఉండేది. మీకూ ఉండే ఉంటుంది. ఒక శనివారం రాత్రి ప్రొడక్షన్‌లో ఏదో పడిపోయింది. ఒకటిన్నరకి పధ్నాలుగు మందిమి కాల్‌లో ఉన్నాం. అప్పుడు ఒకడు గ్రూపులో మీమ్ వేశాడు. చుట్టూ మంటలు, మధ్యలో కాఫీ కప్పు ముందు పెట్టుకుని, ఏమీ జరగనట్టు కూర్చున్న కుక్క. కేసీ గ్రీన్ అనే అమెరికన్ కార్టూనిస్ట్ 2013లో గీసిన కామిక్‌లోది. అందరం మ్యూట్‌లో పెట్టుకుని పడీ పడీ నవ్వాం. నవ్వాక కాస్త ఓపిక వచ్చింది. నాలుగింటి దాకా కూర్చుని ఇష్యూ క్లోజ్ చేశాం.

చాలా రోజుల తర్వాత నాకొక డౌట్ వచ్చింది. ఆ నవ్వు ఎవరికి పనికొచ్చింది? మాకా, కంపెనీకా?

ఈ డౌట్‌ని సీరియస్‌గా తీసుకున్న ఒక చదువు ఉంది. దాన్నే క్రిటికల్ థియరీ అంటారు. 1923లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక పరిశోధనా సంస్థ మొదలైంది. తర్వాత దాని డైరెక్టర్ అయిన మాక్స్ హార్క్‌హైమర్ 1937లో ఒక వ్యాసం రాసి, మామూలు థియరీకీ క్రిటికల్ థియరీకీ తేడా ఏంటో చెప్పాడు. మన భాషలో చెప్పాలంటే, మామూలు థియరీ "ఈ కోడ్ ఎలా రన్ అవుతోంది?" అని చూస్తుంది. క్రిటికల్ థియరీ "అసలు ఈ రిక్వైర్‌మెంట్ ఎవరు రాశారు? ఎవరి కోసం? మార్చలేమా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నలతోనే మన మీమ్స్‌ని చదువుదాం.

సోమవారం పండగ

ముందు సోమవారం సంగతి. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో చేతిపనివాళ్ళకి సోమవారం అంటే పని మొదలయ్యే రోజు కాదు, పని ఎగ్గొట్టే రోజు. చెప్పులు కుట్టేవాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు చాలామందికి గంటల లెక్కన జీతం ఉండేది కాదు. ఎన్ని జతలు కుడితే అంత, ఎన్ని గజాలు నేస్తే అంత. కాబట్టి సోమవారం తాగి పడుకుని, ఒక్కోసారి మంగళవారం కూడా లాగించేసి, శుక్ర శనివారాల్లో రాత్రింబవళ్ళు పనిచేసి సరుకు ఇచ్చేవాళ్ళు. ఆ రోజుకి వాళ్ళు పెట్టుకున్న పేరు "సెయింట్ మండే". చర్చి క్యాలెండర్లో సెయింట్ల పేరు మీద పండగలు ఉంటాయి కదా, అలా సోమవారాన్ని కూడా ఒక దేవుణ్ణి చేసి, ఆయన పండగ అని సెలవు తీసుకునేవాళ్ళన్నమాట. ఇది జోకే. కాకపోతే ఆ జోక్ వెనక నిజంగానే ఒక సెలవు ఉంది. ఈ రోజు మన సోమవారం మీమ్ వెనక ఆ సెలవు లేదు. జోక్ మిగిలింది, సెలవు పోయింది.

ఎలా పోయింది? బ్రిటిష్ చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో రాసిన ఒక పెద్ద వ్యాసంలో ఈ కథంతా ఉంది. ఆయన చెప్పేదేంటంటే, ఫ్యాక్టరీ కొత్త మెషిన్లని మాత్రమే తేలేదు, కొత్త టైమ్‌ని కూడా తెచ్చింది. అంతకుముందు పని టైమ్‌ని నడిపేది. నాట్లు అయ్యాక, పాలు పితికాక, పొద్దు వాలాక అని మన ఊళ్ళలో ఇప్పటికీ అంటారే, అలా. ఫ్యాక్టరీ వచ్చాక టైమ్ పనిని నడపడం మొదలైంది. జొసాయా వెడ్జ్‌వుడ్ అనే పింగాణీ వ్యాపారి 1769లో తెరిచిన కార్ఖానాలో గంట కొట్టి పనివాళ్ళని పిలిచేవాడు, ఎవరు ఎప్పుడొచ్చారో రాయించేవాడు. మన యాక్సెస్ కార్డు స్వైప్‌కి తాతయ్య అనుకోండి. కొన్ని మిల్లుల్లో యజమానులు పొద్దున గడియారాన్ని ముందుకి, సాయంత్రం వెనక్కి తిప్పేవాళ్ళని కార్మికులు సాక్ష్యం చెప్పారు. పనివాళ్ళు సొంత గడియారం తెచ్చుకుంటే ఒప్పుకునేవాళ్ళు కాదు. టైమ్ ఎంతయిందో తెలుసుకునే హక్కు కూడా యజమానిదే.

ఇందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఉన్నాడు. కుర్రాడిగా 1720లలో లండన్ ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసినప్పుడు, తాను ఒక్క సోమవారం కూడా ఎగ్గొట్టలేదని, అందుకే యజమానికి తనంటే ఇష్టమని ఆత్మకథలో రాసుకున్నాడు. ప్రతి టీమ్‌లో ఒకడుంటాడు కదా! టైమ్ అంటే డబ్బు అని కుర్ర వ్యాపారులకి తర్వాత నీతి చెప్పింది కూడా ఈయనే.

19వ శతాబ్దంలో శనివారం మధ్యాహ్నం సెలవు మెల్లగా వచ్చింది, సోమవారం పండగ మెల్లగా పోయింది. అంటే మన వీకెండ్ ఎవరో ప్రేమతో ఇచ్చింది కాదు. ఒక రోజు వదులుకుని సంపాదించుకున్న పూట అది.

మరి మన పని ఏ రకం? ఆలోచించండి. డెడ్‌లైన్ చూస్తే టాస్క్ లెక్క, పని అయ్యేదాకా కదలకూడదు. టైమ్‌షీట్ చూస్తే గంటల లెక్క, పని అయిపోయినా కదలకూడదు. మగ్గం వాడి భారం, మిల్లు వాడి భారం రెండూ మనమీదే. "నాలుగింటికే పని అయిపోయి ఆరింటి దాకా మౌస్ కదిలిస్తున్న నేను" అనే మీమ్, "లాగవుట్ అయ్యే టైమ్‌కి మేనేజర్ క్విక్ కాల్ అన్నప్పుడు" అనే మీమ్ ఒకే రోజు ఒకే మనిషి షేర్ చేస్తాడు. రెండూ నిజమే మరి.

మేం కార్మికులం కాదండీ

1844లో పారిస్‌లో 26 ఏళ్ళ కుర్రాడు కొన్ని నోట్స్ రాసుకున్నాడు. కార్ల్ మార్క్స్. మనం ఈ వయసులో టికెట్లు క్లోజ్ చేస్తున్నాం, ఆయన ఇది రాశాడు. ఆ నోట్స్ 1932 దాకా అచ్చు కాలేదు. అందులో ఉన్న ఆలోచన పేరు పరాయీకరణ. తేలిగ్గా చెప్తాను. నువ్వు తయారుచేసింది నీది కాదు, ఎలా తయారుచేయాలో నీ చేతిలో లేదు. అందుకే పనిలో ఉన్నంతసేపు నువ్వు నువ్వు కాదు, పని అయ్యాకే నువ్వు నువ్వు అవుతావు. సోమవారం మీమ్ అంతా ఇదే కదా. ఆయన పెద్ద పుస్తకం 'కాపిటల్' గురించి తెలుగులో తెలుసుకోవాలంటే రంగనాయకమ్మ గారి పరిచయం ఉంది.

కానీ మార్క్స్ చూసింది మిల్లు కార్మికుల్ని. ఏసీలో కూర్చుని, మెడలో ట్యాగ్ వేసుకునే మనలాంటి వాళ్ళని మొదట్లోనే దగ్గరగా చూసిన మనిషి వేరే ఉన్నాడు. జీగ్‌ఫ్రీడ్ క్రకావర్. ఈయన చదివింది ఆర్కిటెక్చర్, చేసింది జర్నలిజం. ఏదో చదివి ఇంకేదో చేసేవాళ్ళంటే నాకు కొంచెం అభిమానం లెండి. ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ళలో పెద్ద పేరున్న అడోర్నోకి చిన్నప్పటి స్నేహితుడు. 1929లో క్రకావర్ బెర్లిన్ ఆఫీసుల్లో, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల్లో, లేబర్ కోర్టుల్లో తిరిగి, గుమాస్తాలతో, టైపిస్టులతో, సేల్స్ అమ్మాయిలతో మాట్లాడి పేపర్లో వరసగా రాశాడు. 1930లో అది పుస్తకంగా వచ్చింది. అప్పటికి జర్మనీలో జీతగాళ్ళు 35 లక్షల మంది, అందులో 12 లక్షల మంది ఆడవాళ్ళు అని ఆయన లెక్క ఇచ్చాడు.

ఆయన కనిపెట్టిన విషయం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వీళ్ళ ఉద్యోగానికి గ్యారంటీ లేదు. చాలామంది జీతం కార్మికుడి కూలికి పెద్ద తేడా లేదు. పనిని ముక్కలు చేసి మెషిన్ల ముందు కూర్చోబెట్టారు. నలభై దాటితే ముసలివాళ్ళ కింద లెక్క. అయినా మనసులో మాత్రం "మేం కార్మికులం కాదు, ఆఫీసు స్టాఫ్" అనే గీత ఒకటి గీసుకున్నారు. ఆ గీత జీతంలో లేదు, చొక్కా కాలర్‌లో ఉంది. సాయంత్రం అయ్యేసరికి వీళ్ళంతా పోట్స్‌డామ్ చౌరస్తాలోని 'హౌస్ ఫాటర్‌లాండ్' లాంటి చోట్లకి వెళ్ళేవాళ్ళు. ఒకే బిల్డింగ్‌లో ఒక గది టర్కీ కాఫీ హోటల్, ఇంకో గది అమెరికా కౌబాయ్ బార్, ఇంకో గదిలో రైన్ నది బొమ్మ, దానిమీద గంటకోసారి ఉరుములు మెరుపులతో ఉత్తుత్తి వాన. పొద్దున్నుంచి ఫైళ్ళు, సాయంత్రం ఉత్తుత్తి వాన. మన ఫోన్ స్క్రోలింగ్‌కి ఆ బిల్డింగ్‌కి తేడా ఏంటంటే, దానికి నడిచి వెళ్ళాలి, ఇది జేబులో ఉంటుంది.

మనలో యూనియన్ అనే మాట ఎత్తితే ఏమంటాం? "అవి ఫ్యాక్టరీల్లో బ్రో, మనది ఐటీ." క్రకావర్ వింటే నోట్‌బుక్ తీసి రాసుకునేవాడు.

కుక్కర్ విజిల్

ఇప్పుడు నా మొదటి డౌట్‌కి వద్దాం. నవ్వు ఎవరికి పనికొస్తుంది?

హిట్లర్ వచ్చాక ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ళు అమెరికా పారిపోయారు. అక్కడ హాలీవుడ్ సినిమాలు, రేడియో షోలు చూశాక హార్క్‌హైమర్, అడోర్నో కలిసి రాసిన పుస్తకం 1947లో అచ్చయింది. అందులో వినోద పరిశ్రమ మీద ఒక చాప్టర్ ఉంది. వాళ్ళ వాదన ఇది: మనం వినోదాన్ని పని నుంచి తప్పించుకోవడానికి వెతుక్కుంటాం. నిజానికి అది పనికే పొడిగింపు. రేపు మళ్ళీ పనికి తయారయ్యేలా మనల్ని రిపేర్ చేసి పంపిస్తుంది.

ఇంట్లో కుక్కర్ గుర్తుతెచ్చుకోండి. విజిల్ ఎందుకుంది? ఆవిరి బయటికి పోవడానికి. పోకపోతే కుక్కర్ పేలుతుంది. పోతే పప్పు చక్కగా ఉడుకుతుంది. వాళ్ళ లెక్కలో మా అర్ధరాత్రి మీమ్ ఆ విజిలే. మేం పేలలేదు, ఇష్యూ క్లోజ్ అయింది, కంపెనీకి పప్పు ఉడికింది.

ఒప్పుకుంటారా? నేను సగమే ఒప్పుకుంటాను. ఆ మిగతా సగం కోసం జిరాక్స్ మెషిన్ దగ్గరికి వెళ్ళాలి.

1959లో జిరాక్స్ 914 అనే మెషిన్ వచ్చింది. 9 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు ఉన్న కాగితం దాకా కాపీ తీస్తుంది కాబట్టి ఆ పేరు. మామూలు కాగితం మీద బటన్ నొక్కితే కాపీ. కంపెనీలు దాన్ని తెచ్చుకుంది ఇన్‌వాయిస్‌ల కోసం, మెమోల కోసం. ఉద్యోగులు ఏం చేశారు? బాస్ లేనప్పుడు జోకులు కాపీ తీశారు. కార్టూన్లు, దొంగ మెమోలు, దొంగ అప్లికేషన్ ఫారాలు. ఎవరు గీశారో తెలీదు. కాపీకి కాపీ తీసి తీసి అక్షరాలు మసకబారిపోయి ఉంటాయి. గోడకి అంటించడం, ఫైల్లో పెట్టి పక్క ఆఫీసుకి పంపడం. 1975లో అలన్ డండెస్ అనే జానపద పరిశోధకుడు, కార్ల్ పాగ్టర్ అనే లాయర్ కలిసి వీటిని పుస్తకంగా వేశారు. జానపదం అంటే పల్లెల్లో చదువురానివాళ్ళు పాడుకునేది మాత్రమే కాదు, ఆఫీసు వాళ్ళూ ఒక జానపదులే, వీటిని వాళ్ళ జానపదంగా చూడాలి అన్నారు.

మీరు బీటెక్ అయితే ఇందులో ఒకటి తప్పకుండా చూసుంటారు. చెట్టుకి కట్టిన ఉయ్యాల బొమ్మ. కస్టమర్ అడిగింది ఒకటి, లీడర్‌కి అర్థమైంది ఒకటి, ప్రోగ్రామర్ కట్టింది ఒకటి, చివరికి కస్టమర్‌కి కావాల్సింది ఇంకొకటి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్ట్ పీపీటీలో మా సార్ అదే చూపించారు. ఆ జోక్ 1970ల మొదట్లోనే ఆఫీసుల్లో తిరుగుతోంది. అంటే ఇంటర్నెట్ కంటే ముందే మీమ్ ఉంది. మీమ్ అనే మాట కూడా ఇంటర్నెట్‌ది కాదు, రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త 1976లో పెట్టింది.

ఆ జిరాక్స్ జోకుల్లో నాకు నచ్చే విషయం ఒకటుంది. మెషిన్ కంపెనీది, కాగితం కంపెనీది, కరెంటు కంపెనీది, టైమ్ కూడా కంపెనీదే. అన్నీ వాడుకుని కంపెనీ మీదే జోక్. సోమవారం పోయాక మిగిలిన చిన్న ముక్క అది. ఇంకోటి, ఆ కాగితం చేతులు మారుతుంటే "ఈ కష్టం నాకొక్కడికే కాదు" అని తెలుస్తుంది. అడోర్నో ఇది సరిగ్గా పట్టించుకోలేదని నా అభిప్రాయం. విజిల్ ఆవిరిని వదులుతుంది, నిజమే. కానీ విజిల్ ఒక శబ్దం కూడా. పక్క గదిలో ఉన్న అమ్మ ఆ శబ్దాన్ని లెక్కపెడుతుంది. మూడొచ్చాయి, ఇంక స్టవ్ కట్టెయ్యాలి అనుకుంటుంది. లెక్కపెట్టేవాళ్ళు ఉంటే విజిల్ సమాచారం అవుతుంది. లేకపోతే వట్టి ఆవిరి.

జోక్ లిస్టు అయినప్పుడు

లెక్కపెట్టడం అంటే ఏంటో చూపించే నిజమైన కథ ఒకటుంది. మనలాంటి కోడర్లదే.

చైనా టెక్ కంపెనీల్లో 996 అనే మాట ఉంది. పొద్దున 9 నుంచి రాత్రి 9, వారానికి 6 రోజులు. లెక్కేస్తే 72 గంటలు. దానిమీద ప్రోగ్రామర్లు ఒక జోక్ చెప్పుకునేవాళ్ళు: 996 చేస్తే చివరికి ఐసీయూలో తేలతావు. 2019 మార్చిలో ఎవరో ఆ జోక్ పేరుతోనే, 996.ఐసీయూ అని గిట్‌హబ్‌లో ఒక రిపాజిటరీ తెరిచారు. గిట్‌హబ్ అంటే మనం కోడ్ పెట్టుకునే చోటు. అందులో కోడ్ బదులు చైనా లేబర్ చట్టం ఏం చెప్తోందో పెట్టారు. రోజుకి 8 గంటలు, వారానికి సగటున 44. తర్వాత ఏ కంపెనీలో ఎన్ని గంటలు చేయిస్తున్నారో ఆధారాలతో లిస్టు పెట్టడం మొదలుపెట్టారు. కొద్ది వారాల్లోనే 2 లక్షలకి పైగా స్టార్లు వచ్చాయి. చైనాలో కొన్ని పెద్ద కంపెనీల బ్రౌజర్లు ఆ పేజీని బ్లాక్ చేశాయి. గిట్‌హబ్ మైక్రోసాఫ్ట్‌ది కాబట్టి, దాన్ని తీసెయ్యొద్దని మైక్రోసాఫ్ట్, గిట్‌హబ్ ఉద్యోగులు కొందరు బహిరంగ లేఖ రాశారు. ఆ ఏప్రిల్‌లోనే అలీబాబా జాక్ మా 996 చేయగలగడం అదృష్టం అన్నట్టు మాట్లాడాడు. జనం ఊరుకోలేదు. 2021 ఆగస్టులో చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు, కార్మిక శాఖ కలిసి కొన్ని కేసులు విడుదల చేసి, 996 చట్టవిరుద్ధం అని స్పష్టంగా చెప్పాయి.

దాంతో 996 ఆగిపోయిందా? లేదు. కానీ ఈ రెండు రకాల నవ్వులకి తేడా చూడండి. కుక్క మీమ్‌లో మంట ఎవరు పెట్టారో లేదు. ఇక్కడ జోక్ కింద కంపెనీ పేరుంది, గంటలున్నాయి, చట్టం సెక్షన్ ఉంది.

షియాంగ్ బియావ్ మన దగ్గరికి ఎందుకొచ్చాడు?

2020లో చైనాలో ఇంకో మాట మీమ్ అయింది: నేయ్‌జ్వెన్. లోపలికే చుట్టుకుపోవడం అని అర్థం. పేరున్న యూనివర్సిటీలో ఒక కుర్రాడు సైకిల్ తొక్కుతూ హ్యాండిల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్న ఫొటో వైరల్ అయ్యాక ఈ మాట అందరి నోళ్ళలో పడింది. అమెరికన్ ఆంత్రపాలజిస్ట్ క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో జావా వరి రైతుల గురించి వాడిన ఐడియా ఇది. అదే పొలంలో ఇంకా ఇంకా మనుషులు దిగుతారు, ఇంకా ఇంకా కష్టపడతారు, మనిషి వాటా మాత్రం పెరగదు. చైనా కుర్రాళ్ళు అది మా ఆఫీసు కథే అన్నారు. దాన్ని ఒక ఇంటర్వ్యూలో బొంగరంతో పోల్చి చెప్పి పాపులర్ చేసిన ప్రొఫెసర్ పేరు షియాంగ్ బియావ్. అక్కడ బొంగరాన్ని కొరడాతో కొడుతూ తిప్పుతారు. మనల్ని మనమే కొట్టుకుంటూ తిరుగుతున్నాం అన్నమాట.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఇదే షియాంగ్ బియావ్ ఇరవై ఏళ్ళ ముందు, 2000, 2001 ఆ ప్రాంతంలో స్టడీ చేసింది ఎవర్నో తెలుసా? మనల్నే. సిడ్నీలోనూ హైదరాబాద్‌లోనూ తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళ మధ్య తిరిగి రాసిన పుస్తకం 2007లో వచ్చింది. దాని సబ్జెక్ట్ బాడీ షాపింగ్. ఏజెంటు వీసా పెట్టి మనిషిని తీసుకెళ్తాడు, క్లయింట్‌కి అప్పగిస్తాడు, జీతంలో వాటా తీసుకుంటాడు. ప్రాజెక్ట్ లేనప్పుడు బెంచ్. బెంచ్ మీద ఉంటే జీతం సగమో, సున్నానో. బెంచ్ మీమ్స్ మనకి ఎన్ని ఉన్నాయో లెక్కలేదు కదా. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఏ మీమ్‌లోనూ లేదు: ఈ బెంచ్ ఖర్చు ఎవరు భరిస్తున్నారు? కంపెనీ కాదు. పొలం అమ్మిన నాన్న, కోర్సు ఫీజుకి, టికెట్‌కి పనికొచ్చిన కట్నం, ఇంట్లో జీతం లేకుండా చాకిరీ చేసే ఆడవాళ్ళు. అమీర్‌పేట హాస్టల్లో కూర్చున్న ఒక్కో కుర్రాడి వెనక ఇంత మంది ఉన్నారు.

ఇక్కడే మన మీమ్స్ గుడ్డిగా ఉంటాయి. మీమ్‌లో ఎప్పుడూ మనమే బాధితులం. మన బాత్రూమ్‌లు కడిగే హౌస్‌కీపింగ్ అక్క, రెండు షిఫ్టులు నిలబడే సెక్యూరిటీ అన్న, రాత్రి మూడింటికి మనల్ని దింపే క్యాబ్ డ్రైవర్ ఆఫీసు మీమ్‌లో ఎక్కడైనా కనిపించారా? వాళ్ళ గంటలు మనకంటే తక్కువేం కాదు. క్రకావర్ చూసిన గీత మన జోకుల్లోనూ ఉంది.

70, 90, 48

2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలు అన్న వీడియో బయటికొచ్చింది. ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపు భార్య మొహం చూస్తారని కూడా అడిగారు. ఆ రెండు వారాలూ మీమ్స్ పండగ. నేనూ షేర్ చేశాను.

కానీ 48 అనే నెంబర్ మీద మీమ్ ఎప్పుడైనా చూశారా? బ్రిటిష్ టైమ్‌లో మన ఫ్యాక్టరీ చట్టంలో వారానికి 54 గంటలు ఉండేది. అంబేడ్కర్ గారు వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా ఉన్న కాలంలో, 1946లో అది 48 అయింది. 1948 చట్టంలోనూ అదే నిలబడింది. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం షాపులు కాకుండా మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని, వారానికి మాత్రం 48 దాటకూడదని, దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. 90 గంటల మాటకి నా ఫోన్లో నలభై మీమ్స్ వచ్చాయి. ఈ ఉత్తర్వుకి ఒక్కటీ రాలేదు. ఒక పెద్దాయన మాటకి నవ్వడం తేలిక. మన గంటల్ని నిజంగా మార్చేది మాత్రం బోర్ కొట్టే భాషలో ఉన్న రెండు పేజీల కాగితం.

ఎక్సెల్ షీటు

మా గ్రూపు కథ పూర్తి చేస్తాను. ఆ కుక్క మీమ్ రాత్రి తర్వాత కొన్ని నెలలకి మా మేనేజర్ ఆఫీసు ఛానెల్లో అదే మీమ్ పెట్టారు, రిలీజ్ వీక్ వస్తోందని. హెచ్‌ఆర్ వాళ్ళు ఫన్ ఫ్రైడేకి మీమ్ కాంపిటీషన్ కూడా పెట్టారు, ఫస్ట్ ప్రైజ్ గిఫ్ట్ వోచర్. మా జోక్ మా చేతిలోంచి ఎలా జారిపోయిందో కూడా తెలీలేదు.

అప్పుడు మా టీమ్‌లో ఒక సీనియర్, అందరం అక్కా అని పిలిచేవాళ్ళం, మా గ్రూపులో ఒక మీమ్ కింద ఇలా రాసింది: "నేను నిన్న రాత్రి 2:10 దాకా. మీరు?" కింద ఒకళ్ళు 1:30 అన్నారు, ఇంకొకళ్ళు 3:00 అన్నారు. మర్నాడు అక్క ఒక షేర్డ్ షీటు చేసింది. తేదీ, ఆన్‌కాల్ గంటలు, పేరు. ఆరు వారాలు నింపారు. అది తీసుకుని నలుగురు వెళ్ళి మేనేజర్‌తో మాట్లాడారు. వీకెండ్ ఆన్‌కాల్ చేస్తే ఒక రోజు కాంప్ ఆఫ్ ఇస్తామన్నారు. పెద్ద విప్లవమేం కాదు. ఒక్క రోజు సెలవు. చాలాసార్లు అది సోమవారమే పడేది.

ఆ షీటులో పధ్నాలుగు వరసలు ఉండాలి. పదకొండే ఉన్నాయి. లేని మూడింటిలో ఒకటి నాది. అప్రైజల్ దగ్గరపడింది, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. గ్రూపులో అందరికంటే ఎక్కువ మీమ్స్ వేసింది నేనే, షీటులో గంటలు రాయనిదీ నేనే. కాంప్ ఆఫ్ మాత్రం వాడుకున్నాను. ఆ సంవత్సరం అక్క రివ్యూలో "యాటిట్యూడ్" అని ఒక మాట పడింది. నాకు మంచి రేటింగ్ వచ్చింది. ఆ సంగతి అక్కతో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఈ ఎపిసోడ్ చూస్తుంటే, అక్కా, సారీ. నా వరస నేను రాయాల్సింది.

అందుకే మీమ్స్ చూడటం మానెయ్యండని నేను చెప్పను, చెప్పే అర్హత లేదు. నవ్వండి. నవ్వాక ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో ఎన్ని గంటలున్నాయి, అవి ఎవరివి? పక్కవాణ్ణి కూడా అడగండి. వాడు చెప్తే రాసుకోండి.

టైమ్ తొమ్మిదిన్నర అవుతోంది. రేపు సోమవారం. మీమ్ ఫార్వర్డ్ చేసేయండి, కింద మీ గంటలు కూడా రాయండి. వచ్చే ఆదివారం మళ్ళీ కలుద్దాం, ఉంటాను.